నాలుగు డాలర్ల మరుపు

“ఆ రోజుల్లో జనానికి తిండి లేదు మావయ్యా. ఇలాంటివి చూసే ఆకలి మరిచిపోయేవాళ్లు.”

న్యూయార్కులో ఒక థియేటరు మెట్లు దిగుతూ మా మేనల్లుడు అన్నమాట. 1930ల నాటి సంగీత నాటకాన్ని మళ్లీ కొత్తగా వేస్తుంటే చూసి వస్తున్నాం. తెల్లటి ఓడ, తళతళలాడే బట్టలు, యాభై కాళ్లు ఒక్క కాలిలా నేలను కొట్టే ఆట. టికెట్ ఎంతరా అంటే, రూపాయల్లో లెక్క కట్టొద్దన్నాడు. కట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లెక్క వల్ల కాదు, వాడి మాట వల్ల.

ఆ మాట వాడిది కాదు పాపం. న్యూయార్కు నాటకశాలల పేట బ్రాడ్‌వే గురించి రాసిన ప్రతి చరిత్రలోనూ అది కాస్త కుంకుమ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. మహామాంద్యం వచ్చింది, జనం కుంగిపోయారు, పాటా ఆటా వాళ్లను నిలబెట్టాయి అని. మన దగ్గరా అదే పాట. కరువొస్తే, ధరలు పెరిగితే, ఉద్యోగాలు ఊడితే, ఎవరో ఒక నిర్మాత మైకు ముందుకొచ్చి “జనం ఇప్పటికే కష్టాల్లో ఉన్నారండీ, మళ్లీ తెర మీద కూడా ఏడిపించమంటారా, మాస్‌కి ఎంటర్‌టైన్‌మెంట్ కావాలి” అంటాడు. ఎంత జాలిగుండె! ఆ జాలికి మాత్రం టికెట్ ఉంటుంది.

ఇది అబద్ధం. మామూలు అబద్ధం కూడా కాదు, కౌంటర్లో కూర్చున్నవాడు అల్లిన అబద్ధం.

లెక్కలు చూద్దాం. 1929 అక్టోబరులో వాల్ స్ట్రీట్ కుప్పకూలింది. 1933కి అమెరికాలో పని చేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. టైమ్స్ స్క్వేర్‌లోనే, ఈ థియేటర్ల దీపాల కిందే, రొట్టె ముక్క కోసం టోపీలు పెట్టుకున్న మగవాళ్లు లైన్లలో నిలబడ్డారు. ఆ పక్కనే పెద్ద సంగీత నాటకానికి మంచి సీటు నాలుగు డాలర్ల పైచిలుకు. ప్రభుత్వం తర్వాత పెట్టిన సహాయ పథకంలో నటుడికి ఇచ్చిన వారం జీతం 23 డాలర్ల 86 సెంట్లు. అంటే ఒక్క టికెట్టు ఒక రోజు కూలి. ఆకలిగా ఉన్నవాడు ఒక రోజు కూలి పెట్టి, ఆకలి మరిచిపోవడానికి లోపలికి వెళ్లాడట! వెళ్లొచ్చాక మళ్లీ ఆకలేస్తుంది కదా, అప్పుడేం చేశాడో ఈ చరిత్రకారులు రాయలేదు.

మరుపే కావలసిన పేదవాడికి పావు డాలరుకు సినిమా దొరికింది. అటే పోయాడు. మన ఊళ్లలో టాకీ దిగాక నాటకం కంట్రాక్టర్లు ఎలా వీధిన పడ్డారో అక్కడా అలాగే పడ్డారు. 1927–28లో బ్రాడ్‌వే ఒక్క ఏడాదిలో రెండు వందల యాభైకి పైగా నాటకాలు ఎక్కించింది. పదేళ్లు తిరిగేసరికి అందులో సగం కూడా లేవు. దేశమంతటా థియేటర్లు పరుచుకున్న షూబర్ట్ సోదరుల సంస్థ 1931లో రిసీవరు చేతిలో పడింది. ఈకల కిరీటాల అమ్మాయిలను మెట్ల మీద నడిపించి కోట్లు గడించిన జీగ్‌ఫెల్డ్ 1932లో అప్పులు మిగిల్చి పోయాడు. 42వ వీధిలోని రిపబ్లిక్ థియేటరులో నాటకం పోయి బట్టలు విప్పే బర్లెస్క్ ఆట వచ్చింది. జనం మరుపు కోసం ఎగబడి ఉంటే, మరుపు అమ్మేవాళ్లే ముందుగా ఎందుకు మునిగారు?

మరి ఆ సీట్లలో కూర్చున్నదెవరు? ఇంకా డబ్బున్నవాళ్లు. వాళ్లకు నిజంగానే మరుపు కావలసి వచ్చింది. ఆకలిని కాదు, వచ్చేటప్పుడు బయట లైన్లో చూసిన మొహాలను మరిచిపోవాలి. 1932లో ‘ఫేస్ ద మ్యూజిక్’ అని ఒక నాటకం వచ్చింది. ఇర్వింగ్ బెర్లిన్ పాటలు, మోస్ హార్ట్ మాటలు. తెర లేస్తే దివాలా తీసిన కోటీశ్వరులు, నాణెం వేస్తే గాజు తలుపు తెరుచుకుని తిండి అందే చవక హోటల్లో భోజనానికి చేరి ఉంటారు. చక్కని హాస్యమే. కాకపోతే నవ్వుతున్నవాళ్లు తమ పక్కింటివాళ్ల గురించి నవ్వుకుంటున్నారు.

నేను చూసొచ్చిన ఓడ నాటకాన్ని, 1934 నాటి ‘ఎనీథింగ్ గోస్’ను, తిట్టడానికి నాకు నోరు రాదు. కోల్ పోర్టర్ పుట్టుకతోనే శ్రీమంతుడు, పాటలో ప్రాస వేయడంలో మహా గడుసువాడు. నా కాలూ తాళం వేసింది, దాచుకోను. ఆ నాటకం వల్ల ఎందరో ఆటగత్తెలకూ వయొలిన్ వాయించేవాళ్లకూ కూలి దొరికింది, అదీ నిజమే. కానీ దాని పుట్టుక కథ వినండి. ఆ ఏడు సెప్టెంబరులో మారో కాజిల్ అనే ఓడ న్యూజెర్సీ తీరం దగ్గర కాలిపోయి నూట ముప్పై మందికి పైగా చచ్చిపోయారు. అప్పటికే రాసి ఉన్న ఓడ ప్రమాదం కథను పక్కన పెట్టి కొత్తగా తిరగరాయించారు. నిజం ఓడ కాలింది గనక రంగం మీది ఓడకు చెమ్మ కూడా తగలకూడదు. ఈ వ్యాపారం మొత్తానికి ఇంతకంటే పొట్టి నిర్వచనం నాకు తెలియదు.

ఇప్పుడు ఈ అబద్ధం దాచిపెట్టినవాళ్ల దగ్గరికి వస్తాను.

యిప్ హార్బర్గ్. న్యూయార్కు తూర్పు పేటల యూదు పేదింటి పిల్లవాడు. పెద్దయ్యాక కరెంటు సామాన్ల వ్యాపారం పెట్టాడు. 1929 దెబ్బకు అది మూతపడి అప్పులే మిగిలాయి. బడిలో తనతో చదివిన ఐరా గెర్ష్విన్ చేయి పట్టుకుని పాటల్లోకి తెచ్చాడు. 1932లో ‘అమెరికానా’ అనే ఆటపాటల ప్రదర్శనకు హార్బర్గ్ ఒక పాట రాశాడు. బాణీ కట్టిన జే గోర్నీకి చిన్నప్పుడు రష్యాలో విన్న జోలపాట గుర్తొచ్చింది. పేరు ‘బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్?’ డైమ్ అంటే పది సెంట్లు. పాటలోని మనిషి రైలు పట్టాలు వేసినవాడు, మేడలు కట్టినవాడు, యుద్ధానికి వెళ్లి వచ్చినవాడు. ఇప్పుడు లైన్లో నిలబడి పది సెంట్లు అడుగుతున్నాడు. బిచ్చంగా అడగడు, అదే దెబ్బ. నేను కట్టిన దేశంలో నా చేయి ఇలా ఎందుకు చాచాల్సి వచ్చిందని నిలదీస్తాడు. జోలపాట బాణీలో నిలదీత! నిద్రపుచ్చడానికి పుట్టిన రాగంతో నిద్ర లేపాడు.

ఆ ప్రదర్శన కొద్ది వారాల్లోనే మూతపడింది. చూశారా, ఏడుపు పాట నడవలేదు అంటారేమో. పాట ఆగలేదు స్వామీ. బింగ్ క్రాస్బీ, రూడీ వాలీ రికార్డులిచ్చారు. థియేటరులోకి రాలేనివాడి చెవిలోకి రేడియో దాన్ని తీసుకుపోయింది. నాలుగు డాలర్లవాళ్ల దగ్గర చచ్చిన పాట పది సెంట్లు లేనివాళ్ల దగ్గర బతికింది.

మరుసటేడు ‘యాజ్ థౌజండ్స్ చీర్’. మళ్లీ బెర్లిన్, మళ్లీ హార్ట్. వార్తాపత్రిక శీర్షికలను ఒక్కొక్కటిగా ఆటపాటలు చేసిన సరదా ప్రదర్శన. మధ్యలో ఒక శీర్షిక వస్తుంది: గుంపు ఒక నల్లవాణ్ణి ఉరి తీసింది. ఇథెల్ వాటర్స్ ఒంటరిగా నిలబడి, రాత్రి భోజనం పెట్టాల్సిన వేళ, నాన్న ఇక ఇంటికి రాడని పిల్లలకు ఎలా చెప్పాలో తెలియని భార్యై పాడింది. అంతే, ఇంకేమీ జరగదు. ఆ పాట రాసింది వలస వచ్చిన యూదు బెర్లిన్, పాడింది నల్ల ఆడమనిషి, విన్నది ముత్యాల హారాల తెల్ల ప్రేక్షకులు. లేచి వెళ్లిపోయారా? లేదు. ప్రదర్శన నాలుగు వందల సార్లు ఆడింది. డబ్బున్నవాడు కూడా వినగలడు, వినిపించే ధైర్యం ఉంటే.

నవ్వు మీద నాకు కోపం లేదు, అపార్థం చేసుకోకండి. 1931 డిసెంబరులో వచ్చిన ‘ఆఫ్ దీ ఐ సింగ్’ అధ్యక్ష ఎన్నికనే గేలి చేసింది. ప్రేమ అనే ఒక్క వాగ్దానంతో గెలిచే అధ్యక్షుడు, ఎవరికీ పేరు గుర్తుండని ఉపాధ్యక్షుడు. ఊళ్లో బ్యాంకులు మూతపడుతుంటే రాజకీయం అందాల పోటీలు నడుపుతుంది. పులిట్జర్ నాటక బహుమతి పొందిన తొలి సంగీత నాటకం అదే. బహుమతి మాటలు రాసినవాళ్లకే ఇచ్చి, సంగీతం కట్టిన జార్జ్ గెర్ష్విన్‌ను బయట నిలబెట్టారు. మన హార్మోనిస్టులకు ఈ అవమానం కొత్తేమీ కాదు. కరిచే నవ్వు వేరు, జోకొట్టే నవ్వు వేరు. రెండిటికీ ఒకే పేరు పెట్టి అమ్మడమే మోసం.

1937 జూన్ 16 దగ్గర నేను కాసేపు ఆగుతాను.

రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో ఫెడరల్ థియేటర్ ప్రాజెక్ట్ పెట్టింది. పని లేని నటులకు, దర్జీలకు, లైట్లు వేసేవాళ్లకు భిక్ష కాదు, వాళ్ల పనే వాళ్లకు ఇవ్వాలన్నది ఆలోచన. హ్యాలీ ఫ్లానగన్ అనే ప్రొఫెసరమ్మ దాన్ని నడిపింది. ఆ నీడలో ఇరవై రెండేళ్ల ఆర్సన్ వెల్స్, జాన్ హౌస్‌మన్ కలిసి మార్క్ బ్లిట్జ్‌స్టైన్ రాసిన ‘ద క్రేడిల్ విల్ రాక్’ సిద్ధం చేశారు. ఉక్కు ఊరు, ఊరంతటినీ కొనేసిన యజమాని, సంఘం కట్టే కార్మికుడు. గొప్ప సూక్ష్మమైన రచనేం కాదు. యజమాని పేరే మిస్టర్ మిస్టర్! కానీ కాలం చూడండి. సరిగ్గా పదిహేడు రోజుల ముందు, మే 30న, షికాగోలో ఉక్కు కార్మికుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపి పది మందిని చంపారు. ఇంక సూక్ష్మమెందుకు?

హఠాత్తుగా ప్రభుత్వానికి బడ్జెట్ గుర్తొచ్చింది. ఖర్చు తగ్గించాలి, జులై 1 దాకా కొత్త ప్రదర్శన ఏదీ మొదలుపెట్టరాదని ఉత్తర్వు. మ్యాక్సీన్ ఎలియట్ థియేటరు తలుపులకు తాళం, కాపలా. సెట్టూ బట్టలూ ప్రభుత్వ ఆస్తి గనక బయటికి రాకూడదు. నటుల సంఘం ఇంకో మెలిక పెట్టింది: ఈ నటులు వేరే యజమాని కింద రంగం మీద కనిపించరాదు. సంఘం గురించి పాడే నాటకాన్ని సంఘమే ఆపింది, ఇది కూడా రాయకపోతే నాది అబద్ధం అవుతుంది.

ఒక అద్దె పియానో లారీ మీద ఊరంతా తిరిగింది, దాన్ని దింపే థియేటరు దొరికేదాకా. చివరికి ఇరవై వీధుల అవతల వెనిస్ థియేటరు దొరికింది. తాళం వేసిన తలుపుల ముందు నిలబడ్డ ప్రేక్షకులు నడక మొదలుపెట్టారు. దారిలో ఇంకా జనం కలిశారు. లోపల ఖాళీ రంగం, ఒక పియానో, దాని ముందు చొక్కా చేతులు మడుచుకుని బ్లిట్జ్‌స్టైన్. మన పద్యనాటకం తెలిసినవాళ్లకు ఈ బొమ్మ పరాయిది కాదు. సెట్టు లేకపోయినా హార్మోనియం ఉంటే నాటకం ఉన్నట్టే. అన్ని పాత్రలూ తనే పాడాలనుకుని అతను మొదటి పాట ఎత్తుకున్నాడు. ప్రేక్షకుల్లోంచి ఒక సన్నని గొంతు కలిసింది. ఆలివ్ స్టాంటన్, ఆ పాత్ర వేయాల్సిన పిల్ల. సహాయ పథకం వారం చెక్కు మీద బతుకుతున్న పిల్ల. తన సీటు దగ్గరే లేచి నిలబడి పాడింది. రంగం ఎక్కకూడదన్నారు గదా, ఎక్కలేదు! ఆమె వెనక ఇంకొకరు, బాల్కనీలోంచి మరొకరు. లైటు మనిషి దీపాన్ని గొంతు వచ్చిన వైపల్లా తిప్పాడు. యజమాని ఒక వరసలో, కార్మికుడు ఇంకో వరసలో, మధ్యలో చూడవచ్చిన జనం.

ఎవరు ఏం మరిచిపోయారు ఆ రాత్రి? ఒక్కటి మరిచిపోయారు: భయం.

ఇది ఒక్క రాత్రి వెర్రి అనేవాళ్లకు ఇంకో లెక్క చెబుతాను. అదే ఏడు నవంబరులో మహిళా దుస్తుల కార్మికుల సంఘం ‘పిన్స్ అండ్ నీడిల్స్’ ఎక్కించింది. హెరాల్డ్ రోమ్ పాటలు. వేషాలు వేసింది ఎవరు? గుడ్డ కత్తిరించేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు. పగలు ఫ్యాక్టరీ, రాత్రి రిహార్సలు. మూడు వందల సీట్లు కూడా లేని చిన్న హాలు, వాద్యబృందం బదులు రెండు పియానోలు. మొదటి పాటే ఒక హెచ్చరిక: వెన్నెల గురించి కాదు, మా బతుకు గురించి పాడు, లేకపోతే నిన్ను ప్రేమించను అని. ముసోలినీని గేలి చేశారు, కంపెనీ ప్రకటనలను గేలి చేశారు, తమ సంఘాన్నే గేలి చేశారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. 1938లో వైట్‌హౌస్‌లో ఆడారు. 1940లో ముగిసేసరికి 1,108 ప్రదర్శనలు. అప్పటిదాకా బ్రాడ్‌వేలో ఏ సంగీత నాటకమూ అన్నిసార్లు ఆడలేదు. కోల్ పోర్టర్ ఓడ 420 దగ్గర లంగరు వేసింది. కుట్టుమిషను దాన్ని రెండున్నర రెట్లు దాటింది.

‘హెల్జాపాపిన్’ అనే పిచ్చి గందరగోళం తర్వాత ఈ రికార్డును బద్దలు కొట్టిందని ఎవరో గుర్తు చేస్తారు. నిజమే, 1941లో. అప్పటికి యుద్ధం ఆర్డర్లతో ఫ్యాక్టరీలు తెరుచుకుని జీతాలు మొదలయ్యాయి. అది 1938లోనే మొదలైనా, రికార్డు దాటింది జేబులో డబ్బు పడ్డ జనం వెర్రి నవ్వు కొనుక్కున్నాకే. కొనుక్కోనివ్వండి. కష్టకాలంలో మాత్రం కుట్టుపని అమ్మాయిల నోట తమ మాటే విన్నారు. నిర్మాతల సిద్ధాంతాన్ని ఈ రెండు నాటకాలు తలకిందులుగా నిలబెట్టాయి. సిద్ధాంతానికి మాత్రం సిగ్గు రాలేదు.

ఇక అసలు కోపం.

జనానికి బాధలు చూపిస్తే నచ్చదు అన్నది నిజమైతే, అలాంటి నాటకాలను ఆపడానికి తాళం దేనికి? ఎవరూ రాని నాటకానికి కాపలా ఎవడు పెడతాడు? ఫెడరల్ థియేటరు నాలుగేళ్లలో దాదాపు మూడు కోట్ల మందికి నాటకం చూపించింది. చాలా చోట్ల ఉచితం, లేకపోతే కొద్ది సెంట్లు. అందులో ఎందరో జన్మలో మొదటిసారి నాటకం చూసినవాళ్లు. మొత్తం సహాయ పథకాల ఖర్చులో దాని వాటా ఒక్క శాతం కూడా లేదు. 1938 డిసెంబరులో కాంగ్రెసు విచారణ సంఘం ఫ్లానగన్‌ను పిలిచింది. ఆమె ఒక వ్యాసంలో మార్లో పేరు ఎత్తింది. జో స్టార్న్స్ అనే సభ్యుడు, ఆ మార్లో కమ్యూనిస్టా అని అడిగాడు. షేక్‌స్పియర్‌కు ముందటి నాటకకర్త అని ఆమె ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది. 1593లో చచ్చినవాడి సభ్యత్వ కార్డు అడిగినవాళ్లు దేశానికి ఏ నాటకం కావాలో తేల్చారు!

నవ్వకండి. మన దగ్గర ఇంతకంటే తెలివైనవాళ్లు కూర్చున్నారనుకోకండి. 1943 బెంగాల్ కరువులో ప్రజానాట్యమండలి పుట్టింది. నాజర్ గుమ్మెటవాళ్లను ఇటూ అటూ పెట్టుకుని ఆ కరువును బుర్రకథగా చెప్పాడు. అది సంగీత నాటకం కాకపోతే మరేమిటి? టికెట్టు లేదు, సీటు లేదు, గడ్డి మీద కూర్చున్న వేల మంది. ఆకలిగా ఉన్నవాళ్లకు ఆకలి గురించే పాడాడు, తెల్లవార్లూ విన్నారు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ 1947లో ఊరూరా ఆడితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. వెనిస్ థియేటరు మనకూ ఉంది, తాళం కూడా మనకూ ఉంది. మనవాళ్లు బ్రాడ్‌వే చూసి రావడానికి అంత దూరం వెళ్తారు గానీ తాతల నాటి ఆ గడ్డి మీద ఒకసారి కూర్చోరు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఇదంతా మా మేనల్లుడికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. “అయినా మావయ్యా, నిన్న నువ్వూ చప్పట్లు కొట్టావు కదా” అన్నాడు. కొట్టాను. ఆ ఆటగత్తెల చెమటకు కొట్టాను. ఎవరికి కొట్టానో వాడికి తెలియకపోవడమే నా బాధ.

“అవన్నీ ఎందుకు ఆగిపోయాయి మరి?” అని అడిగాడు. అప్పుడు పినోకియో సంగతి చెప్పాను.

ఫెడరల్ థియేటరు న్యూయార్కులో పిల్లల కోసం పినోకియో కథను ఆటపాటలతో ఆడేది. వేషాలు వేసినవాళ్లలో చాలామంది పని పోయిన పాత వాడెవిల్ వినోద ప్రదర్శనల నటులు. 1939 జూన్ 30న ప్రాజెక్టుకు డబ్బు ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆఖరి ఆట. కొయ్యబొమ్మ మంచి పిల్లవాడై ప్రాణం పోసుకోవాల్సిన చోట, కథ మార్చారు. ప్రాణం వచ్చిన పినోకియో మళ్లీ బొమ్మయిపోయాడు. పనివాళ్లు వచ్చి పిల్లలు చూస్తుండగానే సెట్టు విప్పేశారు. బొమ్మను దేవదారు పెట్టెలో పడుకోబెట్టి పైన ఒక పలక ఉంచారు. పుట్టిన తేదీ 1938 డిసెంబరు 23. చనిపోయిన తేదీ ఆనాటిదే. చంపింది కాంగ్రెసు చట్టమని కూడా రాశారు.

మా వాడు కప్పు కింద పెట్టి, ఆ పిల్లలు ఏం చేశారని అడిగాడు.